కుడి కాలు, కుడి చెయ్యి

మా బావ మూడు ఉద్యోగాలు చేశాడు. అక్కనడిగితే ఒకటే అంటుంది, జనం మీద అరవడం. పద్దెనిమిదో ఏట సైన్యంలో చేరి, పదహారేళ్ళు గాయపడినవాళ్ళని స్ట్రెచర్ మీద మోశాడు. తరవాత ముప్పైమంది అమ్మాయిల మధ్య ఒకే ఒక్క మగాడిగా కూర్చుని నర్సింగు చదివాడు. పదేళ్ళు వార్డులో పనిచేసి, ఇప్పుడు అదే ఆసుపత్రి నర్సింగు స్కూల్లో పాఠాలు చెబుతున్నాడు. నర్సింగే ఎందుకని ఒకసారి అడిగాను. "స్ట్రెచర్ దించేదాకే మా పని. తరవాత తలుపు వేసేసేవాళ్ళు. లోపలికెళ్ళినవాడు బతికాడో లేదో మాకెవరూ చెప్పేవాళ్ళు కాదు," అన్నాడు. ఆ రోజు మాత్రం నేనాయన్ని ఏడిపించలేదు.

మిగతా రోజులన్నీ ఏడిపించాను. మరదల్ని, నాకా హక్కుంది. నేను నర్సింగు చదవడానికి ఆయన క్లాసులోనే చేరిన రోజున ఆ హక్కు కాస్తా ఊడింది. ఇంట్లో బావ, స్కూల్లో సారు. దుప్పటి మూల మడత వంకరగా ఉందని నాచేత పదకొండుసార్లు పక్క సర్దించాడు. సాయంత్రం ఇంటికొచ్చి, "ఏమే, చేతులు నొప్పా?" అని పళ్ళికిలించాడు.

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు. మేం పని నేర్చుకునే వార్డులో ఆరో నంబరు మంచం మీదికి, తుంటి విరిగి ఆపరేషనయిన ఒక ముసలాయన వచ్చాడు. ఆయన్ని చూడగానే బావ మడమలు టప్పున కలిశాయి. సైన్యంలో బావకి కవాతు నేర్పిన డ్రిల్లు మాస్టారట.

"ఇవాళ లేచి నడవాలి సార్," అన్నాడు బావ.

"నడవను. ఫో."

బావ వెళ్ళిపోయాడు. మమ్మల్ని గడగడలాడించే మనిషి, వాకరు చంకన పెట్టుకుని బుద్ధిమంతుడిలా వెళ్ళిపోయాడు. మేం నవ్వాపుకోలేక నర్సుల గదిలోకి పరిగెత్తాం.

మూడు రోజులు ఇదే తంతు. నాలుగో రోజు డాక్టరుగారు చెప్పిన మాటతో మా నవ్వు ఎగిరిపోయింది. ఇలాగే పడుకుంటే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, ఈ వయసులో అది చేరితే మనిషి దక్కడం కష్టం. మొండివాడు రాజుకన్నా బలవంతుడు, ఎవరు చెప్పినా ఆయన వింటేగా. నొప్పికి భయపడుతున్నాడనుకున్నాం. వీపు తుడుస్తుంటే నాతో మెల్లిగా అన్నాడు, "అందరి ముందూ పడితే ఎలా అమ్మాయ్?"

ఆ మాట బావ చెవిన వేశాను. మొహం చిన్నబోయింది. కాసేపటికి కళ్ళు మెరిశాయి. ఆ మెరుపు నాకు తెలుసు. అక్క పుట్టింటికి పోతానని బెదిరించేది అలాంటి రోజుల్లోనే.

మర్నాడు పదింటికి మా క్లాసు పన్నెండుమందినీ వార్డులో వరసగా నిలబెట్టి కవాతు చేయించాడు. కుడి కాలుతో కుడి చెయ్యి, ఎడమ కాలుతో ఎడమ చెయ్యి. కొత్త సిపాయిలు కంగారులో చేసే తప్పట. అది సరిగ్గా తప్పుగా వచ్చేదాకా ముందురోజు సాయంత్రమంతా మా ప్రాణాలు తోడేశాడు.

మొదటి చుట్టుకి మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. రెండో చుట్టుకి దుప్పటి నలిపాడు. మూడో చుట్టుకి ఆగలేక, "కాలు కుడిదైతే చెయ్యి ఎడమది," అన్నాడు.

"ఏ చెయ్యండీ తాతగారూ?" అన్నాను. నా జన్మలో అంత అమాయకంగా ఎప్పుడూ లేను.

"నీ మొహం. అక్కడే ఉండు," అంటూ కాళ్ళు కిందికి దించాడు. బావ చడీచప్పుడూ లేకుండా వాకరు ముందుకు జరిపి, తను వెనక్కి చేరాడు. మాస్టారు లేచాడు. వణికాడు. ఒక అడుగు వేశాడు, తిట్టుకుంటూ ఇంకోటి వేశాడు. ఎనిమిదో అడుగుకి నా దగ్గరికొచ్చి, నా ఎడమ చేతి మీద ఒక్కటిచ్చాడు. "ఇదీ."

అప్పుడు వెనక్కి తిరిగి మంచం వైపు చూశాడు. అదెంత దూరంలో ఉందో చూశాక, తన వెనకే చేతులు చాచి నిలబడ్డ బావని చూశాడు.

"ఒరేయ్, ఈ పిల్లలకి తప్పు నేర్పింది నువ్వేనా?"

"నేనే సార్."

మాస్టారు చాలాసేపు రొప్పాడు.

"రేపూ తీసుకురా," అన్నాడు. "నువ్వు మాత్రం ఇలాగే నా వెనకాల ఉండు."