గోదావరి దాటితే మారే చిన్న పేపర్

మొన్న అల్మారా సర్దుతుంటే అరలో పరిచిన పాత జిల్లా పేపర్ బయటపడింది. యాదికుందా మీకు? పెద్ద పేపర్ విప్పితే మంచం నిండేది. రాష్ట్రం వార్తలు, దేశం వార్తలు అందులో. దాని మడతలో సగం సైజు చిన్న పేపర్ ఉండేది. అందులో అన్నీ మన జిల్లా ముచ్చట్లే. చెన్నూరులో మా ఇంట్లో పెద్దది మా నాన్నకు, అదే బాపుకు, చిన్నదాని కోసం మా కొట్లాట.

ఒక పొద్దున ఆ చిన్నదాంట్లో మా అక్క ఫోటో వచ్చింది! వాళ్ల ఖోఖో జట్టు జిల్లాలో గెలిచింది. కరీంనగర్ మామ అప్పటికే పందెం కట్టి ఉన్నాడు: "పేపర్ల నీ ఫోటో వస్తే, రాష్ట్రం ఆటలకు బూట్లు నేనే కొనిస్త." అక్కకు బూట్లు లేవు. బాపు ఎస్టీడీ బూత్‌కు ఉరికి మామకు చెప్పాడు. కాసేపాగి మళ్లీ ఫోన్ చేస్తే మామ ఒకటే నవ్వు.

"రెండు పేపర్లు తిరగేసిన బావా. పిల్ల ఏడా లేదు. బూట్ల కోసం గింత అబద్ధమా?"

అక్కకు ఏడుపొక్కటే తక్కువ. మా అమ్మ, అదే మా అవ్వ, అంది: "మా తమ్మునికి వచ్చేది కరీంనగర్ చిన్న పేపర్ గదా! గోదారి అవతలి జిల్లా. మన ముచ్చట అండ్ల ఎట్లుంటది?"

బాపు పేపర్ చంకలో పెట్టుకొని, అక్కతో బస్సెక్కాడు.

సాయంత్రం అక్క కొత్త బూట్లతోనే దిగింది. పేపర్ మాత్రం రాలేదు. మామ ఇయ్యలేదట.

"గిది ఈడ దొరకది బావా. గల్లీల అందరికి చూపియ్యాలె."