పురి విప్పిన నెమలి వెనకాల

రెండు వేల పదకొండులో చిక్కడపల్లిలో ఇల్లు కిరాయికి తీసుకున్నప్పుడు ఓనరమ్మ ఒకటే షరతు పెట్టింది. "గోడకు మేకు కొట్టొద్దు. కొడితే ఇల్లు ఖాళీ చెయ్యాలె."

మా ఆవిడ ఏడేళ్ల తర్వాత మళ్లీ కుంచె పట్టి, నోటుపుస్తకమంత నెమలి బొమ్మ గీసింది. దాన్ని హాల్లో చూసుకోవాలని ఆమె ఆశ. ఓనరమ్మ గుడికి వెళ్లిన సమయం చూసి నేను సుత్తి అందుకున్నాను. ఆ దెబ్బకు నారాయణగూడ ఫ్లైఓవర్ మీద బస్సులు ఆగిపోయాయంటే మీరు నమ్మాలి. మేకు నిలిచింది గానీ, దాని కింద పళ్లెమంత పెచ్చు ఊడిపడింది.

మా ఆవిడ పెద్ద అట్ట తెచ్చి, ఈసారి పురి విప్పిన నెమలిని గీసింది. దాన్ని ఆ మేకుకే తగిలిస్తే మేకూ, బొక్కా రెండూ కనబడకుండా పోయాయి.

ఓనరమ్మ వచ్చినప్పుడల్లా బొమ్మను ముట్టుకోబోయేది. "రంగు ఇంక ఆరలేదమ్మా" అని మూడు నెలలు నెట్టుకొచ్చాను.

"ఏం రంగయ్యా ఇది, ఎండాకాలం వచ్చినా ఆరదా?" అంటూ ఒకరోజు ఆమె బొమ్మను పక్కకు జరిపింది. మా ఆవిడ అప్పుడే సర్దుకోవాల్సిన సామాన్ల వైపు చూసింది.

ఓనరమ్మ పకపకా నవ్వింది. "మా ఆయన మేకు కొట్టినప్పుడు గూడ గిట్లనే ఊడింది. నేనే సిమెంటు పూసిన. అందుకే వద్దన్న. కింద మా ఇంట్ల ఇంతకన్న పెద్దదుంది, క్యాలెండర్ సాలుతలేదు. జర వచ్చి కొలత తీస్కో బిడ్డా, నాకొక నెమలి గీయి."

మా ఆవిడ టేపు తీసుకుని ఆమె వెంట దిగింది. పోతూ పోతూ, మళ్లీ నా చేతికి చిక్కకుండా సుత్తి కూడా పట్టుకుపోయింది.