గడప మీద పడిన దీవి

లింబాద్రి అతికిన టైల్స్ వరస చూసి చీమలు సిగ్గుపడి తమ బారు దిద్దుకుంటాయని ఆ అరబ్బు దేశపు కూలీల క్యాంపులో చెప్పుకుంటారు. సగం తగ్గించి నమ్మండి. అయినా పదకొండేళ్ళుగా అతను హెల్పరే. ఉమ్మ్ అల్ హస్సామ్ పేటలో ఎలెని అనే గ్రీకు ముసలామె తెరవబోయే హోటల్లో నేల పని మొదటిసారి అతని ఒక్కడి చేతికొచ్చింది. ఆమె మెచ్చితే మేస్త్రీ, లేకుంటే మళ్ళీ మామీర్ గోదాముల్లో సిమెంటు బస్తాలు మోయడమే.

ఆమె ఇచ్చిన బొమ్మ చూసి టైల్స్‌తో నేల మీద వేయాల్సింది ఆమె దేశపు పడమటి సముద్రం, అందులో ఏడు దీవులు. ఆరు దగ్గర దగ్గరగానే ఉన్నాయి. ఏడోది, కిథిరా, ఎక్కడో కింద, సరిగ్గా గడప మీద పడింది. గడప తొక్కితే వీపు విమానం మోత మోగించే తల్లి కన్న కొడుకు లింబాద్రి. ఒకరి ఊరిని గడప మీద ఎలా పెడతాడు? మెల్లగా పైకి జరిపి ఆరింటి పక్కన అతికించాడు.

మర్నాడు సూపర్‌వైజర్ ముత్తన్న చూసి నెత్తి కొట్టుకున్నాడు. "బొమ్మల ఉన్నట్టు వెయ్యమంటే నీ తెలివి ఎవడడిగిండ్రా?"

"గడప మీద వడ్డదన్నా. అందరు తొక్కరా?"

అప్పుడే వచ్చిన ఎలెని సంగతి అడిగింది. పనివాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ ఆమెకు హిందీ అలవాటే; తనకొచ్చిన హిందీలో లింబాద్రి చెప్పాడు. ఆమె వంగి ఆ దీవిని చూసింది. తర్వాత పకపకా నవ్వింది.

"అది మా ఊరేనయ్యా! వెనిస్ వాళ్ళు వందల ఏళ్ళు ఏలారు. తర్వాత ఫ్రెంచివాళ్ళు, ఆపైన యాభై ఏళ్ళు ఇంగ్లీషువాళ్ళు. 1864లో గ్రీసుకిచ్చి పోయారు. అంత దూరాన ఉన్నా మమ్మల్ని ఆ ఆరింటితో ఒకే మూట కట్టారు. ఇప్పటి సర్కారేమో వేరే జిల్లాలో కలిపింది. అంత పెద్ద దొరలు కూడా కాగితం మీదే కలిపారు. నువ్వు ఏకంగా సముద్రాన్నే జరిపావు! కానీ నా ఊరు దాని చోట ఉండాలి."

లింబాద్రి గడపనూ గోడనూ మార్చి మార్చి చూశాడు.

"తలుపు పక్క గోడకేస్తా మేడం. దూరం దూరమే ఉంటది. కాలు తగలది."

ఎలెని గోడ దగ్గరికెళ్ళి తన కళ్ళ ఎత్తున అరచెయ్యి ఆనించింది. "ఇక్కడ," అంది. ముత్తన్న వైపు తిరిగి, "వంటగది కూడా ఇతనే చెయ్యాలి," అంది.

ముత్తన్న గొంతు సవరించుకున్నాడు.

"యల్లా, నడువ్ మేస్త్రీ, ఇంకేం జూస్తున్నవ్? సిమెంటు పూరా గట్టివడక ముందే ఆ దీవి పీకు!"