వరసగా చెప్పిన జవాబులు

2025లో పింఛన్ల తనిఖీ జరిగినప్పుడు మా వెల్దుర్తిలోనూ కొందరికి నోటీసులొచ్చాయి. నేను వికలాంగుల సంఘంలో పనిచేస్తాను. పింఛను ఆగిపోతుందని నోటీసు అందినవాళ్ల చేత అప్పీలు పెట్టించడం, అంటే మళ్లీ పరీక్ష చేయమని మండలాఫీసులో అర్జీ ఇప్పించడం, వాళ్ల వెంట ఆసుపత్రికి వెళ్లడం నా పని. ఆ అప్పీళ్లలో సువార్తది నాకు బాగా గుర్తుండిపోయింది.

సువార్తకు ఇరవై దాటాయి. పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల తక్కువ. తల్లి సుందరమ్మ మిరప కోతలకు వెళ్తుంది. పింఛనులో కొంత పక్కింటి ముసలమ్మకిచ్చి పిల్లను చూసుకోమనేది. అది ఆగితే సువార్తను ఇంట్లో పెట్టి తాళం వేసుకుని పనికి పోవాల్సిందే.

సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం నలభై శాతమన్నా ఉంటేనే పింఛను. తనిఖీలో సువార్తకు అంతకంటే తక్కువ వేశారు.

"డాక్టరు ఏమడిగాడు?" అన్నాను.

"పేరు, ఊరు, అమ్మ పేరు. అన్నీ టకటకా చెప్పిందక్కా" అంది సుందరమ్మ, ఆ బాధలోనూ కాస్త గొప్పగా.

"ఎట్టా చెప్పింది?"

"నేనే నేర్పా. ఆసుపత్రికి రమ్మన్న కాడ్నుంచీ రోజూ అదే పని. అంత పెద్ద డాక్టరు ముందు నోరు తెరవకపోతే నవ్వరా?"

నేను నలభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. మొదట్లో పాఠం మొత్తం గడగడా అప్పజెప్పేదాన్ని. మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేందని అడిగితే తెల్లమొహం వేసేదాన్ని. అది గుర్తొచ్చి, సువార్తను ముందు ఊరి పేరు అడిగాను. "సువార్త" అంది. తర్వాత అమ్మ పేరు అడిగాను. "వెల్దుర్తి" అంది.

"ఈ సంగతి డాక్టరుకు చెప్పాలి. దానికి చేతకానివన్నీ చెప్పాలి" అన్నాను.

సుందరమ్మకు కోపమొచ్చింది. "పిల్ల ఎదురుగా దానికేదీ రాదని చెప్పమంటావా? ఇన్నేళ్లూ ఆ మాట ఎవర్నీ అననియ్యలా. ఇప్పుడు నేనే అనాలా?"

"దాని ఎదురుగా వద్దులే. నేను బయటికి తీసుకుపోతా."

అప్పీలు మీద మళ్లీ పరీక్షకు పిలిచినప్పుడు నరసరావుపేట ఆసుపత్రిలో అట్లాగే చేశాం. "అయ్యా, పోయినసారి వాళ్లమ్మ జవాబులు నేర్పి తెచ్చింది. ఈసారి వరస మార్చి అడగండి" అన్నాను. డాక్టరు విసుక్కోలేదు. ఊరు ముందు అడిగాడు, అమ్మ పేరు తర్వాత. మళ్లీ అవే జవాబులు, అదే వరస.

సువార్తను వరండాలోకి తీసుకొచ్చాను. తలుపు దగ్గరగా వేసినా సుందరమ్మ గొంతు నాకు వినబడుతూనే ఉంది. లంగా బొందు కట్టుకోలేదు. వేడి గంజిలో చెయ్యి పెట్టేస్తుంది. నెలసరి వస్తే నేనే చూడాలి. ఒక్కోటి చెప్పి, ఆగి, ఇంకోటి.

సువార్త నా చెయ్యి లాగింది. "అన్నీ చెప్పానా పెద్దమ్మా?"

"అన్నీ చెప్పావు" అన్నాను.

తిరుగు బస్సులో సుందరమ్మ నన్ను దాటుకుని వెనక సీటుకు పోయింది. పిల్లను దగ్గరికి పొదువుకుని కూర్చుంది. కొన్నాళ్లకు కొత్త సర్టిఫికెట్ వచ్చింది. శాతం పెరిగింది, పింఛను నిలిచింది.

ఇప్పుడు ఆసుపత్రికి బయల్దేరే ప్రతి ఇంట్లో ముందే చెబుతున్నాను. మీరేమీ నేర్పకండి. పొద్దున లేచింది మొదలు ఆ మనిషికి మీరు చేసిపెట్టేవన్నీ డాక్టరుకు చెప్పండి. చెప్పేటప్పుడు మనిషిని నా దగ్గర వదలండి. వాళ్లకు రానివన్నీ కాగితం మీదికి ఎక్కాల్సిందే. వాళ్ల చెవిన పడాల్సిన పని లేదు.