మెరిసే నేల, నొచ్చే మడమ

ఆ ఉదయం మంచం దిగి కుడికాలు కింద పెట్టగానే మడమలో మేకు దిగినట్టయింది. గోడ పట్టుకుని నిలబడ్డాను. నాలుగడుగులు వేశాక సర్దుకుంది. నరం పట్టేసిందనుకుని దుకాణానికి వెళ్లిపోయాను.

మంచిర్యాలలో మాది చీరల దుకాణం. దాన్ని కొత్తగా బాగుచేయించినప్పుడు నేలంతా అద్దంలా మెరిసే టైల్స్ వేయించాను. పనిచేసేవాళ్లు చెప్పులు బయటే విడవాలన్నాను. లక్ష్మి తిరిగే చోటని చెప్పేవాణ్ణి కానీ, గీతలు పడతాయన్న భయమే ఎక్కువ. నేను మాత్రం గల్లా దగ్గర కూర్చునేవాణ్ణి. పెళ్లిళ్ల సీజన్‌కు ముందు మా సేల్స్‌మన్ దుబాయి వెళ్లిపోవడంతో నేనూ పొద్దంతా నిలబడాల్సివచ్చింది. నొప్పి అప్పుడే మొదలైంది.

మందుల షాపు మాత్రలతో నెట్టుకొచ్చాను. రక్తపరీక్ష చేయిస్తే షుగర్, యూరిక్ యాసిడ్ నార్మల్ అని వచ్చింది. రెండో మడమకు కూడా నొప్పి పట్టుకున్నాక కరీంనగర్‌లో ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆయన ఎక్స్-రే చూసి, మడమ కింద బొటనవేలితో నొక్కి, "ప్లాంటార్ ఫాసియైటిస్. మడమ నుంచి వేళ్లదాక అరికాలి కింద ఉండే పట్టీ వాచింది" అన్నారు.

"పొద్దంత దేని మీద నిలబడుతరు?"

"టైల్స్ మీద సార్."

"చెప్పులు?"

"దుకాణంల ఏసుకోం సార్."

"గట్టి నేల, ఉత్త కాళ్లు. ఇంకేం కావాలె? ముందు మెత్తటి చెప్పులు ఏసుకోండి. నేల సంగతి చూడండి. లేకుంటే ఎన్ని మందులు రాసినా మళ్ల వస్తరు."

మర్నాడు కొత్త చెప్పులతో దుకాణంలో అడుగుపెట్టాను. చాలా ఏళ్లుగా మా దగ్గర పనిచేస్తున్న రాజవ్వ చీర మడతపెడుతూ చూసింది.

"ఏం సేటూ, లక్ష్మీదేవి మీ చెప్పులకే పర్మిషన్ ఇచ్చిందా?"

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. "మడిమె గుంజుతుంది సేటూ, జర స్టూల్ ఏయించుండ్రి" అని ఆమె నిరుడే అడిగింది. ఇంటి పని ఎక్కువైందేమోనని కొట్టిపారేశాను. ఆ రోజే అందరికీ లోపల వేసుకునే చెప్పులు, కౌంటర్ల దగ్గర స్టూళ్లు తెప్పించాను.

నేల విషయంలో మళ్లీ తొందరపడ్డాను. చవకగా దొరికిన స్పాంజి వినైల్ షీట్, అదే మెత్తటి ప్లాస్టిక్ పరుపు, టైల్స్ మీద అతికించి, జిగురు ఆరకముందే తలుపులు మూసి ఏసీ వేశాం. ఆ ఘాటుకు అందరికీ తలనొప్పి, దగ్గు. వానలో తడిసొచ్చిన ఒకావిడ జారిపడబోతే రాజవ్వే పట్టుకుంది.

"మడిమెలు బాగుచేస్తనని నడుములు ఇరగ్గొడ్తరా సేటూ!"

అంతా పీకించేశాను.

ఈసారి నమూనా ముక్కలు తెప్పించి, నీళ్లు చల్లి, అందరం వంతులవారీగా వాటి మీద నిలబడి పనిచేశాం. "గిదైతే మంచిగుంది, జారుతలేదు" అని రాజవ్వ చూపించిన మందపాటి గరుకు రబ్బరు షీటే కౌంటర్ల వెనక వేయించాను. ఘాటు లేని జిగురు వాడి, వాసన పోయేదాకా షట్టర్ తెరిచి ఉంచాం.

ఫిజియోథెరపీలో నేర్పినట్టు రోజూ టవల్‌ను మునివేళ్లకు వేసి పాదాలు నావైపు లాగుతాను. తగ్గడానికి నెలలు పట్టింది. ఇప్పుడు మంచం దిగేటప్పుడు గోడ కోసం చెయ్యి చాపడం లేదు. రాజవ్వకు నొప్పి పూర్తిగా పోలేదు. "మునుపటి కన్న నయమే" అంటుంది. ఆమె నాకన్నా ఎన్నో ఏళ్లు ఎక్కువ నిలబడింది మరి.

దుకాణానికో ఆఫీసుకో నేల ఎంచుకుంటుంటే, లైట్ల కింద ఎలా మెరుస్తుందో చూడటంతోనే ఆగిపోకండి. రోజూ దాని మీద నిలబడేవాళ్లను ఓ పూట నమూనా మీద నిలబెట్టి, ఎలా ఉందో అడగండి. నేను నా మడమ నొచ్చేదాకా అడగలేదు.