తేదీ మార్సీ, సాలు

రాజాంలో నేను పనిచేసిన వార్తల వెబ్‌సైటు యజమాని దృష్టిలో కొత్తగా రాయించడం దండగ. సైటు తాజాగా కనిపించడానికి పాత పోస్టు ఒకటి వెతికి, మీసం దువ్వుకుంటూ, "తేదీ మార్సీ, సాలు" అనేవాడు. నేను తినకుండా తను ముద్ద ముట్టని మనిషి.

ఒకసారి తుపాను వార్తలు మొదలయ్యాయి. "తుపాను దాటిపోయింది, వేటకు వెళ్లవచ్చు" అన్న నిరుటి పోస్టు ఆయన చూపిస్తే, చదవకుండానే ఆ రోజు తేదీ వేశాను. సాయంత్రం కళింగపట్నం నుంచి ఎవరో ఆవిడ ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టాను.

"మీ రాత సూసి మా ఆయన పడవేసుకుని ఎలిపోనాడు బాబూ. కెరటాలు ఇళ్లకాడికొస్తన్నాయి. అది ఎప్పటిది?"

మీసం మీద ఆయన చెయ్యి ఆగిపోయింది. నా చెవిలో గొణిగాడు. "తేదీ మార్సీ. పాతదే పెట్టీ."

ఆ మాట ఆమెకు వినిపించింది.

"మార్సీస్తే మా ఆయనొచ్చీస్తాడా బాబూ?"