తెల్ల రోబో గుండె మీద పసుపు

మా కింది వాటాలో ఉండే లాంచీ ఇంజన్ల మేస్త్రిగారు పోయిన సోమవారం తెల్లవారుజామున కాలం చేశారు. నిద్రలోనే పోయారట. ఆయన భార్య మెట్లెక్కి వచ్చి, "ఇంక లేవరండి టీచరుగారూ" అంది. ఆ మాట అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

నేను యానాంలో ఫిజిక్సు చెబుతాను. జపాను కార్టూన్లలో వచ్చే భారీ రోబోల బొమ్మలు కొని దాచుకుంటాను. ఈ వయసు ఆడదానికి ఇదేం పిచ్చని మావాళ్లంతా నవ్వారు. నవ్వనిది మేస్త్రిగారొక్కరే. మొదటిసారి వచ్చినప్పుడు అలమార ముందు చాలాసేపు నిలబడి, "వీటికి ఇంజను ఎక్కడుంటదండి?" అని అడిగారు.

"గుండెలోనండి. నడిపే మనిషి కూడా అక్కడే కూర్చుంటాడు."

"మనిషి కూర్చుంటాడా! అయితే ఇవి బొమ్మలేంటండి, బళ్లు."

అప్పట్నించి ఆదివారాలు పైకి వచ్చేవారు. నిలబడలేక కూలబడే రోబోల మోకాళ్లలో, పైపులకు చుట్టే తెల్ల టేపు సన్నగా చుట్టి నిలబెట్టేవారు. "తొందరపడి బిగించింది తొందరగానే ఊడుద్దండి" అనేవారు. పని అయ్యాక కిటికీ దగ్గర టీ తాగేవాళ్లం. మంచు పట్టిన రోజుల్లో గోదారి అవతలి ఒడ్డు కనిపించదు. వంతెన స్తంభాలు మాత్రం ఎవరో నీళ్లలో దిగి నిలబడ్డట్టు ఉంటాయి.

"కార్టూన్లో ఉన్నంత బండి నిజంగా గోదాట్లో దిగితే నీళ్లు ఎందాకా వస్తాయంటారు?"

"మోకాళ్ల దాకానండి."

"అంతేనా! వరదలప్పుడు లంకల్లో జనాన్ని భుజానెక్కించుకు తెచ్చేయచ్చు" అని, నిజంగా ఆ నడక కనిపిస్తున్నట్టు నీళ్లకేసి చూస్తూ ఉండిపోయేవారు. నేనూ చూసేదాన్ని. టీ చల్లారిపోయేది.

దసరా ముందు, నెలల తరబడి ఎదురుచూసిన తెల్ల రోబో వచ్చింది. మూర పొడవు, పాలలాంటి తెలుపు. ఆయనకు చూపించి, టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి రోబో పాదాల కింద చెరో నిమ్మకాయ ఉంది. గుండె మీద తడి పసుపు, దాని మీద కుంకుమ బొట్టు. మేస్త్రిగారు హారతి కర్పూరం కోసం జేబులు వెతుక్కుంటున్నారు.

"ఎవరు చెయ్యమన్నారండి మిమ్మల్ని?" అని అరిచేశాను.

"కొత్త బండి కదండి... పూజ లేకుండా ఎలాగని..."

కుంకుమ తుడిస్తే పోయింది. పసుపు పోలేదు. ఆయన బొటనవేలి గీతలతో సహా ప్లాస్టిక్కుకు పట్టేసింది. నెలపాటు ఆయన పైకి రాలేదు. నేనూ పిలవలేదు. ఆ పంతం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఒక ఆదివారం గుమ్మం బయటే నిలబడి, "ఎండలో పెట్టండి. పసుపు ఎండకి ఆగదండి" అన్నారు. పెట్టాను. నిజంగానే కొంచెం కొంచెంగా వెలిసిపోవడం మొదలైంది. మళ్లీ టీలు, మళ్లీ గోదారి. కానీ వచ్చిన ప్రతిసారీ ముందు కళ్లజోడు పెట్టుకుని ఆ మచ్చ చూసేవారు.

"ఎంత తగ్గిందండి?"

"సగం పోయిందండి."

"మొత్తం పోయేదాకా నాకు మనసు కుదుటపడదండి."

అప్పటికి నా కోపం ఎప్పుడో పోయింది. ఆ మచ్చ మీద ఇష్టం కూడా పుట్టింది. "ఉండనివ్వండి మేస్త్రిగారూ, పూజ చేసిన బండి కదా" అంటే ఆయన ముఖం ఎలా వెలిగేదో! అందామనే అనుకున్నాను, వచ్చే ఆదివారం, వచ్చే ఆదివారం అని.

సోమవారం ఆయన్ని తీసుకెళ్లాక పైకి వచ్చాను. తెల్ల రోబో కిటికీలో తిన్నగా ఎండకి ఎదురుగా ఉంది. ముందురోజు నేనే పెట్టాను. దగ్గరికి వెళ్లి చూస్తే వేలి గీతలు ఇంకా నాలుగైదు మిగిలి ఉన్నాయి. గబగబా లోపలికి తీసి చీరకొంగు కప్పాను.

ఇప్పుడు పొద్దెక్కే వేళకల్లా కిటికీ తలుపులు మూసేస్తున్నాను. గోదారి కనిపించదు. మసక వెలుతురులో తెల్ల రోబో నిలబడి ఉంటుంది, మనిషి కూర్చునే చోట లేత పసుపుతో.